ఎడమ పక్క సీటు – పదకొండో భాగం: తలకిందుల పుస్తకం

కిందటి వారం ఎక్కడ ఆగామో మీకు గుర్తుందో లేదో, నాకైతే మర్చిపోయే వీలు లేదు. నేను ఫ్లోరెన్సును. కొత్తగూడెంలో సొంత కారు కిరాయికి తిప్పుకుంటాను. పేరు వినగానే నర్సువా అని అడిగేవాళ్లకు కాదు, డ్రైవర్‌నని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఎండాకాలంలో ఖమ్మం నుంచి షాలేమ్‌రాజు అనే మనిషి వచ్చి, టూరిస్టుల కోసం పుస్తకం రాయాలి, ఊళ్లన్నీ చూపించమన్నాడు. సత్తుపల్లి పామాయిల్ తోటల నుంచి పర్ణశాల రేవు దాకా తిప్పాను. మొదట్లో వెనక సీట్లో కూర్చునేవాడు. తర్వాత నా ఎడమ పక్క సీట్లోకి వచ్చాడు. ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. పర్ణశాలలో గోదారి ఒడ్డున పెళ్లి చేసుకుందామా అని అడిగాడు, సరేనన్నాను.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పాలి. రెండు ఆదివారాలు ఎవరూ లేవలేదు. మూడో ప్రకటన రేపు. భద్రాచలంలో ఉన్న షాలేమ్‌రాజు మేనత్తను పెళ్లికి పిలిచి, శనివారం పొద్దున్నే ఇద్దరం తిరుగు ప్రయాణంలో ఉన్నాం.

ఇంకొక్క సంగతి గుర్తు చేయాలి. అది లేకపోతే ఇవాళ్టి గొడవ అర్థం కాదు. మా నాన్న ఆరోగ్యం బొగ్గు బావిలో పని చేసి రిటైరయ్యాడు. చర్చిలో సంఘపెద్ద. ప్రతి ఆదివారం బైబిల్లోంచి వాక్యం చదివేది ఆయనే. కానీ ఆయనకు అక్షరం ముక్క రాదు. బతికున్నన్నాళ్లూ అమ్మ ముత్యాలమ్మ, ఆమె పోయాక నేను, గురువారం నుంచి వాక్యం చదివి వినిపిస్తాం. ఆయన కంఠతా పట్టేస్తాడు. శనివారం సాయంత్రం ఒకసారి ఒప్పజెప్పుకుంటాడు. ఆదివారం పుస్తకం తెరుచుకుని, చూపు పేజీ మీదే ఉంచి, కంచు గొంతుతో చెప్పేస్తాడు. సంఘంలో ఎవరికీ అనుమానం రాలేదు. ఆయనకు చదువు రాదన్న మాట ఎండాకాలంలో కిన్నెరసాని గట్టు మీద షాలేమ్‌కు చెప్పాను. కట్టుకోబోయేవాడి దగ్గర దాపరికం ఎందుకనుకున్నాను. పోయిన ఆదివారం చర్చి మెట్లు దిగుతుంటే, మీ నాన్న చదివే ముందు కళ్లజోడు అంతసేపు ఎందుకు తుడుస్తాడని అడిగాడు. మొదటి మాట గుర్తు తెచ్చుకోవడానికని నవ్వుతూ చెప్పాను.

సారపాక దాటాక అడవి రోడ్డులో సైదమ్మ టీ బండి ఉంటుంది. అటు వెళ్లినప్పుడల్లా అక్కడ ఆగడం నాకలవాటు. శనివారమైతే మరీను. శనివారం పొద్దున ఫోన్లో సుమేధ అనే రచయిత్రి ఆడియో సీరియల్ కొత్త భాగం వస్తుంది. సైదమ్మ తన ఫోన్‌ను ఖాళీ స్టీలు గ్లాసులో నిలబెట్టి, చప్పుడు పెరిగేలా చేసి, బండి దగ్గరున్న అందరికీ వినిపిస్తుంది. లారీ డ్రైవర్లు కూడా ఆ భాగం అయ్యేదాకా కదలరు.

సుమేధ అంటే నాకెంత పిచ్చో షాలేమ్‌కు ఎండాకాలమంతా చెప్పాను. ఆమె ఫోటో ఎక్కడా కనపడదు, పేరొక్కటే. ఆమె నవలలన్నీ ప్రయాణాలే. ఒక బండి ఉంటుంది, అది ఫోన్ సిగ్నల్ లేని చోట తప్పకుండా చెడిపోతుంది. ఒకే గొడుగు ఉంటుంది, వాన కురుస్తుంది. అబ్బాయి ఒక అబద్ధం ఆడి ఉంటాడు. అమ్మాయి దాన్ని పట్టేస్తుంది. చివరికి ఏదో ఒక ఏటి ఒడ్డున క్షమించేస్తుంది. మధ్యలో నవ్వు పుట్టించడానికి ఒక తండ్రి ఉంటాడు. తండ్రుల్ని ఎందుకలా జోకర్లను చేస్తుందో, అదొక్కటే ఆమెలో నాకు నచ్చదని అన్నాను. షాలేమ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆమెకు తండ్రి లేడేమో, ఉంటే ఎలా ఉంటాడో తెలియక అలా రాస్తుందేమో అన్నాడు. ఎంత మంచి మనసు అనుకున్నాను అప్పుడు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ పొద్దున షాలేమ్ టీ వద్దన్నాడు. ఎండెక్కుతోంది, నేరుగా ఇంటికి పోదామన్నాడు. నేను వినలేదు. ఇద్దరం గ్లాసులు పట్టుకుని బల్ల మీద కూర్చునేసరికి భాగం సగంలో ఉంది. కొత్త నవల ఇది, అమ్మాయి పేరు రోజ్‌లిన్, వ్యాను నడుపుతుంది. ఒక డ్రైవరమ్మాయి కథ వస్తోందని కిందటి నెలలో నేనెంత మురిసిపోయానో.

రోజ్‌లిన్ తండ్రి పేరు ఆశీర్వాదం. చర్చిలో పెద్దమనిషి. ఫోన్లో అమ్మాయి గొంతు తీయగా చదువుతోంది. ఆశీర్వాదం లేచి నిలబడ్డాడట. మైకు సరిచేసుకున్నాడట. కళ్లజోడు తీసి పంచె కొసతో తుడిచాడట, మళ్లీ తుడిచాడట, ఎందుకంటే మొదటి మాట ఇంకా గుర్తుకు రాలేదట.

నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

తర్వాత ఆశీర్వాదం పుస్తకం తెరిచాడట. తలకిందులుగా పట్టుకున్నాడట. ముందు వరసలో ఒక పిల్లాడు అది చూసి కిసుక్కున నవ్వాడట. ఆయన మాత్రం తలకిందుల పుస్తకంలోంచి గడగడా చదివేశాడట. బండి చుట్టూ ఉన్న జనం పగలబడి నవ్వారు. లారీ డ్రైవరొకడు తొడ చరుచుకున్నాడు. సైదమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్లొత్తుకుంది. సైదమ్మ చెడ్డది కాదు. ఎప్పుడు వెళ్లినా మా నాన్న ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతుంది. అసలు పేరే ఆరోగ్యం కదా, ఆయన ఆరోగ్యానికేమని నేను అంటే ఇద్దరం నవ్వుకుంటాం. ఇప్పుడు నవ్వుతున్నది ఆయన్ని చూసేనని ఆమెకు తెలియదు.

నేను పక్కకు తిరిగి చూశాను. అంతమందిలో నవ్వనిది ఒక్క షాలేమ్‌రాజే. తల దించుకుని టీ గ్లాసులోకి చూస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

లేచి కారు దగ్గరికి నడిచాను. వెనకాలే వచ్చాడు. కారుకు అవతలి పక్క, టేకు చెట్ల వైపు నిలబడ్డాం.  వస్తున్నది కోపమో ఏడుపో నాకే తెలియలేదు.

"ఎవరికి చెప్పినవ్?" అన్నాను. "సుమేధ నీకెట్ల తెలుసు?"

నీళ్లు నమిలాడు. ఫ్లోరా, ముందు కారెక్కు, ఇంటికి పోయి మాట్లాడదాం అన్నాడు. నేను కదల్లేదు. తలెత్తి నా మొహం చూసి, ఇక లాభం లేదనుకున్నట్టున్నాడు.

"సుమేధ అని ఎవ్వరు లేరు ఫ్లోరా. సుమేధ నేనే."

మొదట నాకు నవ్వొచ్చింది, నిజం చెబుతున్నాను. మీసాలున్న మనిషి, ఆరడుగుల మనిషి, నా సుమేధట. తర్వాత ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. ములకలపల్లి పోయే దారిలో కారు ఆగిపోతే అతను అంత సంబరపడటం. వాన రాగానే గొడుగు ఒకటే ఉందని అడగకుండానే చెప్పడం. పెళ్లి మాట ఎత్తడానికి పట్టుబట్టి గోదారి ఒడ్డుకు తీసుకెళ్లడం. నేనేమో ఎండాకాలమంతా అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, సుమేధ ఇలా రాస్తుంది, సుమేధ అలా రాస్తుంది అని వాగుతూనే ఉన్నాను. అతను వింటూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు.

చెప్పుకోవడం మొదలుపెట్టాడు. సొంత పేరుతో పంపిన కథలన్నీ తిరిగొచ్చాయట. ఒకటి ఆడపేరుతో పంపితే వెంటనే తీసుకున్నారట. పాఠకులు అమ్మా, అక్కా అని రాస్తుంటే ఇక నిజం బయట పెట్టలేకపోయాడట. టూరిస్టుల పుస్తకం అబద్ధమేనట, నవల కోసమే నా కారెక్కాడట. పెళ్లి మాత్రం నిజమట. పెళ్లయ్యాక అన్నీ చెబుదామనుకున్నాడట. పేరు సంగతి నేను క్షమించగలిగేదాన్నేనేమో, ఎవరికి తెలుసు. ఆడపేరు పెట్టుకుని రాసిన మగవాళ్లు అతనికంటే ముందు లేకపోలేదు. నన్ను మోసం చేసినవాడు ఒక్కడైతే వాణ్ణి తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఇక్కడ ఇద్దరు. నేను కట్టుకోబోయేవాడు ఒకడు, నేను నెత్తిన పెట్టుకున్న రచయిత్రి ఒకతె. ఇద్దరిదీ ఒకటే మొహం.

"పేరు ముచ్చట పక్కన పెట్టు. మా నాన్నను ఎందుకు రాసినవ్?"

"అది ఎండాకాలంలనే రాసిన ఫ్లోరా. మన పెండ్లి మాట అనుకోకముందే. ఎప్పుడో పంపిన, వాపస్ తీసుకోరాలె."

ఆ మాట నమ్మడానికి నేను తయారుగానే ఉన్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నమ్మాలనే ఉంది. రేపు ప్రకటన, వచ్చే నెల పెళ్లి, చీర కూడా కొనేశాను. కానీ కళ్లజోడు మనసులో మెదిలింది.

"కళ్లజోడు సంగతి నీకెప్పుడు చెప్పిన?"

జవాబూ నేనే చెప్పాను.

"పోయిన ఆదివారం చెప్పిన. చర్చి మెట్ల మీద. గట్లయితే ఈ వారంల రాసినవ్. రెండో ప్రకటన చదివిన తర్వాత రాసినవ్. మా ఇంట్ల అన్నం తిని పోయి రాసినవ్."

"గది లేకుంటే సీను నిలబడదు ఫ్లోరా," అన్నాడు మెల్లగా. "నవ్వు కోసం చిన్న ముక్క. పేర్లు మార్చిన గద."

అబద్ధమాడినప్పుడు కూడా అంత నొప్పి పుట్టలేదు. ఈ మాటకు పుట్టింది. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని మా నాన్నకు చదివి వినిపించిన వాక్యాలు, జ్వరమొచ్చినా ఆయన మానకుండా ఒప్పజెప్పుకున్న శనివారాలు, ఇతనికి ఒక సీను. అది నిలబడటం కోసం మా నాన్న పడిపోవాలి.

"పుస్తకం తలకిందులు పట్టుడు ఎక్కడ చూసినవ్?"

"అది కల్పన."

"మా నాన్న ఎన్నడు తలకిందులు పట్టలె. అక్షరం రాకున్నా ఏది మీదో ఏది కిందో ఆయనకు తెలుసు. ఎర్ర రిబ్బను కింది దిక్కుకు ఉంటది. ముందు అది చూసుకునే తెరుస్తడు. నీకు నవ్వే కావాల్నంటే నన్ను రాయకపోయినవా."

 అతను దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకోబోయాడు. వెనక్కి జరిగాను. వచ్చే వారం భాగంలో అంతా సర్దేస్తానన్నాడు. ఆశీర్వాదాన్నే హీరోను చేస్తాడట. నిజం తెలిసినా సంఘమంతా లేచి నిలబడి ఆయన్ని గౌరవిస్తుందట, వినేవాళ్లందరూ కన్నీళ్లు పెట్టుకుంటారట. ఇప్పటికే సగం రాసి పెట్టాడట. ఆ చెప్పే తీరు చూస్తే, పాపం, నిజంగానే నమ్ముతున్నాడు. వచ్చే వారం అనేది ఒకటుంటే ఈ వారం చేసిందంతా చెల్లిపోతుందని అతని లెక్క.

"మా నాన్న వచ్చే వారం దాకా ఆగడు. ఆయన ఈ సాయంత్రమే వింటడు. చదవరాదు గనకనే వింటడు. సుమేధమ్మ అంటే ఆయనకు నాకంటె ఎక్కువ పానం."

అది అతనికి తెలియదు. ఇంట్లో సుమేధ పిచ్చి నాకొక్కదానికే అనుకున్నాడు. అది నాన్న నుంచే నాకు అంటుకుందని నేనెప్పుడూ చెప్పలేదు. ఆ మాట విన్నాక అతని మొహం చూడాలి. బల్ల మీద కూర్చున్నప్పటికంటే ఇప్పుడే ఎక్కువ పాలిపోయింది. ఇద్దరం వెళ్లి ఆయనకు చెబుదాం, కాళ్లు పట్టుకుంటానన్నాడు. మళ్లీ నా పేరు పిలిచి, దారిలో కిన్నెరసాని దగ్గర ఒక్క పది నిమిషాలు ఆగుదాం, కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు.

కిన్నెరసాని దగ్గరట. నీళ్ల ఒడ్డునట. అలవాటు పోనిచ్చుకోలేదు.

"నీ కథల ఆడపిల్లలు ఏటి ఒడ్డున మాఫ్ చేస్తరు. గిది రోడ్డు," అన్నాను. డిక్కీ తీసి అతని బ్యాగు బల్ల మీద పెట్టాను. భద్రాచలం నుంచి వచ్చే బస్సు కాసేపట్లో ఉంటుంది, ఎక్కమన్నాను. రేపటి ప్రకటన సంగతి ఏమిటని అడిగాడు. డిక్కీ మూసి కారెక్కాను. ఏం చెప్పాలో నాకూ తెలియదు. సైదమ్మ బండి వెనక నుంచి బిత్తరపోయి చూస్తోంది. ఫోన్లో భాగం అయిపోయి, ఏదో సబ్బు ప్రకటన వస్తోంది.

పాల్వంచ దాకా ఎలా నడిపానో తెలియదు. ఎడమ పక్క సీటు ఖాళీగా ఉంటే ఎండాకాలం ముందు నాకేమీ అనిపించేది కాదు. ఇప్పుడు అటు చూడాలంటేనే మనసొప్పలేదు. ఒకటే ఆలోచన. ఇంటికి వెళ్లగానే నాన్న ఫోన్ తీసుకోవాలి, ఇవాళ భాగం రాలేదని చెప్పాలి. రేపు చర్చిలో విన్నవాళ్లు ఉంటారు, ఉండనీ. ఆశీర్వాదం వేరు, ఆరోగ్యం వేరు. నాన్న ఎప్పటిలాగే లేచి ఎప్పటిలాగే చదివేస్తే ఎవరు మాత్రం ఏమనగలరు. రేపటిది తప్పిపోయిన గొర్రె వాక్యం. గురువారమే చదివి వినిపించాను, ఆయనకు నీళ్లలా వచ్చేసింది.

పాల్వంచ ఊళ్లోకి వస్తుండగా పాస్టరమ్మ ప్రమీల ఫోన్ చేసింది. పక్కకు ఆపి ఎత్తాను. రేపు ఖమ్మం నుంచి ప్రసంగానికి అయ్యగారొకరు వస్తున్నారట. ఆయన పట్టణపు గోడ కట్టడం మీద మాట్లాడతారట, అందుకని వాక్యం మార్చారట. గోడ కట్టినవాళ్ల పేర్లుండే అధ్యాయం. ఫలానావాడి కొడుకు ఫలానావాడు ఈ ముక్క కట్టాడు, వాడి పక్కన ఫలానావాడు ఆ ముక్క కట్టాడు అని మొదటి నుంచి చివరి దాకా పేర్లే. చదువుకున్నవాళ్లకే నోరు తిరగదు. పొద్దుటి నుంచి మీ నాన్నగారికి ఫోన్ చేస్తున్నాం, ఎత్తడం లేదు, నువ్వు చెప్పమ్మా అంది. నేను సరేనన్నాను. పెట్టేసేముందు ఆమె కొంచెం ఆగి, ఇవాళ సుమేధ సీరియల్ విన్నావా ఫ్లోరెన్సూ అని అడిగింది. సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పి పెట్టేశాను.

వాక్యం మార్చింది నిజంగా ఆ అయ్యగారి కోసమేనా, లేక ఎవరికైనా నాన్నను పరీక్షించాలనిపించిందా అన్న అనుమానం వచ్చింది. దాన్ని పక్కకు నెట్టాను. ఏదైతేనేం, చేయాల్సింది ఒకటే. సాయంత్రమంతా కూర్చోబెట్టి ఆ పేర్లన్నీ ఆయనకు పట్టించాలి. నాన్నకు ఆ జ్ఞాపకశక్తి ఉంది. నేను పక్కన ఉంటే చాలు. కారు గేరు మార్చి ఇంటికి పోనిచ్చాను.

నాన్న ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రేపటి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి మేకుకు తగిలించుకున్నాడు. పక్కన బల్ల మీద టీ ఉంది, మీద మీగడ కట్టింది. దాని పక్కన స్టీలు గ్లాసు. గ్లాసులో నిలబెట్టిన ఫోన్. చప్పుడు లేదు.

సైదమ్మ దగ్గర నేర్చుకున్న ఆ కిటుకు ఆయనకు నేనే నేర్పాను. సాయంత్రం నేనొచ్చి పెడితేనే వింటాడు, తనంతట తాను పెట్టుకోవడం రాదు. ఇవాళ పక్కింటి సువర్ణ పెట్టి వెళ్లిందట. మీకు ఇష్టమైన సీరియల్‌లో ఇవాళ అంతా మన చర్చి ముచ్చట లాగే ఉంది అంకుల్, వినండి అని చెప్పి మరీ పెట్టిందట.

నేను గడపలోనే నిలబడిపోయాను. ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. తుడవడం లేదు.

"సుమేధమ్మ మంచిగ రాస్తది," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఆమెకు నా మీద ఏం పగ ఉంటది. ఆమెకు నేనెవరో తెల్వదు. మీ అమ్మకు తెలుసు, నీకు తెలుసు. మీ అమ్మ పోయింది."

ఆగాడు. నా వైపు చూశాడు.

"ఎవరికి చెప్పినవ్ బిడ్డా?"

రోడ్డు మీద సరిగ్గా ఇదే మాట నేను షాలేమ్‌ను అడిగాను. అతను నీళ్లు నమిలాడని తిట్టుకున్నాను. ఇప్పుడు నా నోరూ పెగల్లేదు. చెప్పాల్సింది రెండు ఆదివారాలు ప్రకటనలో నా పేరు పక్కన చదివిన పేరే. రేపు మళ్లీ చదవబోయే పేరు. నేను చెప్పకపోయినా ఆయనకు అర్థమైనట్టుంది, ఎందుకంటే ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. కుర్చీలోంచి లేచాడు. అలమారలోంచి నల్ల అట్ట గ్రంథం తీశాడు. నేను అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. అమ్మ పోయినప్పటి నుంచి ఏ శనివారమూ ఆయన దాన్ని నాకు ఇవ్వకుండా ఉండలేదు.

"రేపు వాక్యం నేనే చదువుత," అన్నాడు. "పుస్తకం తిన్నగనే పట్టుకుంట."

లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు వినిపించింది. నేను తలుపు దగ్గరికి పరుగెత్తి, నాన్నా, వాక్యం మార్చిన్రు, ఒక్కసారి తలుపు తియ్యి అన్నాను. మళ్లీ అన్నాను. ఇవాళ ఆయన నా మాట దేన్నీ నమ్మే మనిషి కాడని మూడోసారి తలుపు కొడుతుంటే అర్థమైంది.

 లోపల ఆయన గొంతు సవరించుకున్నాడు. తప్పిపోయిన గొర్రె వాక్యం మొదలుపెట్టాడు. కంచు గొంతుతో, ఒక్క మాట తడబడకుండా, రేపు చర్చిలో ఎవరూ అడగని వాక్యాన్ని మా నాన్న మొదటి నుంచి చివరి దాకా ఒప్పజెప్పుకుంటున్నాడు.